మెడ దగ్గర ఇంజెక్షన్ వేస్తే పాత భయం పోతుందంటున్నారు, మా తమ్ముడికి చేయించవచ్చా?

పర్లాకిమిడి ఆడపడుచు:

అందరికీ నమస్కారం. మా పుట్టిల్లు బరంపురం, పెళ్ళయ్యాక పర్లాకిమిడిలో ఉంటున్నాను. మా తమ్ముడి సంగతి అడగాలని రాస్తున్నాను, కాస్త పొడుగైనా చివరిదాకా చదవండి.

వాడు సూరత్‌లో బట్టలకు రంగులు వేసే మిల్లులో పని చేసేవాడు. మా గంజాం జిల్లా నుంచి అక్కడికి ఎంతమంది వెళ్తారో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. నిరుడు ఆ మిల్లులో ఆవిరి పైపు పేలింది. వాడికి ఎడమ చెయ్యి, ఎడమ వైపు మెడ కాలాయి, వాడి గదిలోనే ఉండే ఇద్దరు కుర్రాళ్ళు వాడి కళ్ళ ముందే పోయారు. గాయాలు మానాయి, చర్మం ముడుచుకుపోయింది గాని చెయ్యి పని చేస్తోంది. మనిషి మాత్రం ఇంకా తేరుకోలేదు.

రాత్రి ఏ రెండింటికో కేకలు పెట్టి లేచి కూర్చుంటాడు, ఒళ్ళంతా చెమట. కుక్కర్ విజిల్ వినిపిస్తే గోడకి ఆనుకుపోయి వణుకుతాడు, అందుకని అమ్మ కుక్కర్ అటక మీద పడేసి గిన్నెలో అన్నం వార్చుకుంటోంది. వీధి చివర ఇస్త్రీ బండి ఉందని ఆ వైపే వెళ్ళడు, తడిబట్ట మీద వేడి తగిలిన వాసన వాడికి పడదు. మా బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర అంటే చిన్నప్పటి నుంచి వేషాలు కట్టేవాళ్ళ వెనకాల తిరిగిన మనిషి, ఈసారి డప్పుల చప్పుడు దగ్గరికొస్తుంటే తలుపులేసుకుని మంచం కింద దూరాడు. ఏమైనా అడిగితే కోపం, లేకపోతే మౌనం. ఒక్కోసారి "వాళ్ళు పోయి నేనెందుకు మిగిలాను" అంటాడు.

మొదట్లో జడుసుకున్నాడని నాన్న భూతవైద్యం చేసే గుణియా దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు. తర్వాత మందుల షాపతను ఇచ్చిన అల్‌ప్రజోలమ్ మొదలుపెట్టాడు, అది వేసుకుంటే గాని నిద్ర రావట్లేదు, ఈమధ్య ఒకటి చాలక రెండు వేసుకుంటున్నాడు. సైకియాట్రీ డాక్టర్ దగ్గరికి ఇంకా వెళ్ళలేదు, పిచ్చి అంటారని వాడు రానంటాడు.

ఇప్పుడు మా చిన్నాన్న కొడుకు ఒక వీడియో పంపాడు. అమెరికాలో యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి మెడలో ఒక ఇంజెక్షన్ వేస్తే ఈ భయాలన్నీ నిమిషాల్లో తగ్గిపోయాయట. పేరు స్టెల్లేట్ గాంగ్లియన్ బ్లాక్. ఓ పెద్ద నగరంలోని నొప్పుల క్లినిక్‌కి ఫోన్ చేశాం. ఫోనెత్తినావిడ మా వాడి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా రెండు ఇంజెక్షన్లు కావాలి, ఒక్కోటి నలభై వేలు, దాదాపు అందరికీ పోతుంది అని చెప్పేసింది. అమ్మ గొలుసు తాకట్టు పెడతానంటోంది. వాడు కూడా దీనికి మాత్రం ఒప్పుకున్నాడు, ఎందుకంటే ఎవరితోనూ ఏమీ చెప్పుకోనక్కర్లేదు కదా.

నిజంగా ఇది పని చేస్తుందా, మెడలో సూది అంటే ప్రాణానికి ఏమైనా అవుతుందా, కాలిన మెడకి వెయ్యచ్చా, తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు భయంగా ఉంది, ఆశగానూ ఉంది.


మత్తు డాక్టర్, శ్రీకాకుళం:

అమ్మా, నేను మత్తు డాక్టర్‌ని, నొప్పుల ఓపీ కూడా చూస్తాను. ఈ బ్లాక్ నాకు అలవాటైన పనే, అయితే నేను చేసేది ఎక్కువగా దెబ్బ తగిలాక చేతిలో ఉండిపోయే మంట నొప్పికి, అక్కి తగ్గాక ముఖంలోనో చేతిలోనో మిగిలే నొప్పికి. పీటీఎస్‌డీకి, అంటే ఘోరమైన ప్రమాదం చూశాక మీ తమ్ముడిలా మనసులో ఉండిపోయే భయాల జబ్బుకి, నేను చేయలేదు. కాబట్టి సూది సంగతి నా చేతి అనుభవంతో చెప్తాను, మనసు మీద ఫలితం సంగతి పరిశోధనల్లో ఉన్నది చెప్తాను.

మెడ అడుగున, మొదటి పక్కటెముక దగ్గర, కుడి ఎడమల ఒక్కొక్క నరాల ముడి ఉంటుంది. ప్రమాదం ఎదురైనప్పుడు గుండె దడ పెంచి, చెమటలు పట్టించి, ఒంటిని పరుగుకో పోట్లాటకో సిద్ధం చేసే సింపథెటిక్ నరాల్లో తలకీ మెడకీ చేతికీ గుండెకీ వెళ్ళేవి చాలావరకు ఈ ముడి మీదుగానే పోతాయి. ఆరో మెడ ఎముక ఎత్తులో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో ఆ దారిలో రోపివకైనో బుపివకైనో ఏడు నుంచి పది మిల్లీలీటర్ల వరకు వేస్తాం. పన్ను పీకేటప్పుడు చిగురుకి వేసే మందు జాతిదే ఇది. సూది పని పది పదిహేను నిమిషాలు, ఆ తర్వాత కనీసం అరగంట మా కళ్ళ ముందు ఉంచుకుంటాం.

మందు సరైన చోట పడిందనడానికి గుర్తు ఏమిటంటే అటువైపు కనురెప్ప వాలుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, కన్ను ఎర్రబడుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, చెయ్యి వెచ్చబడుతుంది. దీన్ని హార్నర్ సిండ్రోమ్ అంటాం, కొన్ని గంటల్లో దానంతటదే పోతుంది. గొంతు బొంగురుపోవడం, మింగడం కష్టంగా ఉండడం కూడా మామూలే, అందుకని గొంతు సర్దుకునేదాకా ఏమీ తినకూడదు, తాగకూడదు. అరుదుగా జరిగేవి మాత్రం చిన్నవి కావు. మెదడుకి వెళ్ళే రక్తనాళం ఆ పక్కనే ఉంది, అందులోకి కొంచెం మందు పోయినా ఫిట్స్ వస్తాయి. మెడలో రక్తం గడ్డకట్టి ఊపిరికి అడ్డం రావచ్చు, ఊపిరితిత్తికి సూది తగలవచ్చు. అందుకే అల్ట్రాసౌండ్ గాని ఎక్స్‌రే గాని లేకుండా చేత్తో తడిమి వేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి, ఆక్సిజన్, గొంతులో గొట్టం వేసే సామాను, మత్తుమందు రక్తంలో కలిస్తే ఇచ్చే లిపిడ్ మందు ఆ గదిలోనే ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఈమధ్య గుండెపోటు వచ్చినా, రెండో వైపు ఊపిరితిత్తి దెబ్బతిని ఉన్నా ముందే చెప్పాలి. రెండు వైపులా ఒకే రోజు చేయరు, చేస్తామంటే లేచి వచ్చేయండి.

పీటీఎస్‌డీకి సాధారణంగా కుడివైపు వేస్తారు, కాలినది ఎడమ వైపు కాబట్టి అది నేరుగా అడ్డం కాదు. అయినా చర్మం ముడుచుకుని మెడ తిరగడం తగ్గి ఉంటే తల సరిగా వెనక్కి వాల్చలేడు, ఎవరైనా చేసేముందు అది చూసుకోవాలి.

ఇక పని చేస్తుందా అన్నది. చికాగోలో యూజీన్ లిపోవ్ అనే మత్తు డాక్టర్ 2008లో ఒక రోగి గురించి రాసిన దగ్గర్నుంచి దీని మీద ఆసక్తి పెరిగింది. తర్వాత రెండు ముఖ్యమైన పరీక్షలు జరిగాయి, రెండింట్లోనూ కొందరికి నిజం మందు, కొందరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసి పోల్చారు. అమెరికా నౌకాదళం ఆసుపత్రిలో 42 మంది మీద చేసి 2016లో ప్రచురించిన దాంట్లో రెండు గుంపులకీ తేడా కనిపించలేదు. 113 మంది సైనికుల మీద చేసింది 2020లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చింది. రెండు వారాల తేడాతో రెండు ఇంజెక్షన్లు, మొదటిదాని నుంచి ఎనిమిది వారాలకి లెక్క చూస్తే, జబ్బు లక్షణాలు ఎంత ఎక్కువగా ఉన్నాయో చూసే 80 మార్కుల కొలతలో నిజం మందు పడ్డవాళ్ళకి సగటున 12.6 తగ్గింది, ఉత్తుత్తిది పడ్డవాళ్ళకి 6.1 తగ్గింది. తేడా ఉంది, నిజమే. కానీ మీ వీడియోలో చెప్పినట్టు అందరికీ పూర్తిగా పోయిన సంగతి అందులో లేదు. పైగా రెప్ప వాలితే నిజం మందే పడిందని రోగికి తెలిసిపోతుంది, ఆ నమ్మకం ఫలితంలో ఎంత కలిసిందో విడదీయడం కష్టం. అమెరికా మాజీ సైనికుల శాఖ, రక్షణ శాఖ కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ ఇంజెక్షన్ చేయమనడానికి గాని వద్దనడానికి గాని ఆధారాలు చాలవన్నారు. సైనికుల కోసం అన్ని దారులూ వెతికే ఆ శాఖలే అంతకుమించి చెప్పలేదు.

మత్తు గంటల్లో దిగిపోయినా కొందరికి వారాలు, నెలలు ఊరట ఎందుకుంటోందో కూడా ఇంకా తేలలేదు, ఊహలే ఉన్నాయి. నా మాట అడిగితే, ఇది మోసం కాదు, మొదటి మెట్టూ కాదు. మీ తమ్ముడు మొదటి మెట్టే ఇంకా ఎక్కలేదు.


రాయగడ వ్యాపారి:

డాక్టరు గారు అన్నీ చెప్పారు గాని నేనొక్క మాటంటాను. కుర్రాడు దేనికీ ఒప్పుకోనివాడు దీనికి ఒప్పుకున్నాడు కదా, ఎలాగోలా డబ్బు సర్దుకుని చేయించేయండి. మాటలతో కూర్చోబెట్టి చేసే వైద్యం మనలాంటి వాళ్ళకి కుదరదండీ, మగవాళ్ళు నోరు విప్పరు. సగం మందికి సగం తగ్గినా అది తక్కువా?


గుణుపురం మాజీ జవాను:

చెల్లెమ్మా, నేను ఫౌజులో చేసి వచ్చినవాణ్ణి. కాశ్మీర్‌లో మా బండి కింద బాంబు పేలింది, నా పక్కన కూర్చున్నవాడు పోయాడు. ఎలా పోయాడో ఇక్కడ రాయను. మీ తమ్ముడు అన్నాడే, నేనెందుకు మిగిలాను అని, ఆ మాట నేను కొన్నేళ్ళు రోజూ అనుకున్నాను. అందుకే రాస్తున్నాను, నేను మామూలుగా ఇలాంటి చోట రాసేవాణ్ణి కాదు.

రాయగడ అన్నగారూ, మగవాళ్ళు నోరు విప్పరన్నారు, నేను విప్పాను. మిలిటరీ ఆసుపత్రిలో సెర్ట్రలిన్ అనే మాత్ర మొదలుపెట్టారు, అది నెలా నెలన్నర దాకా ఏమీ చేసినట్టే అనిపించలేదు, వికారం ఒక్కటే మిగిలింది, మానేద్దామనుకున్నాను. ఆ తర్వాత మెల్లగా కోపం ముందు తగ్గింది. అప్పుడు ఒక మేడమ్ దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ పద్ధతి ఏమిటంటే, ఆ రోజు జరిగింది కళ్ళు మూసుకుని ఇప్పుడే జరుగుతున్నట్టు మొదటి నుంచి చివరిదాకా చెప్పించేది, అయిపోగానే మళ్ళీ చెప్పించేది. అది రికార్డు చేసి ఇంటి దగ్గర రోజూ వినమనేది. మొదటి వారాలు నరకం, నిద్ర ఇంకా పాడైంది, ఆవిడ అలాగే అవుతుందని ముందే చెప్పింది కాబట్టి ఉండగలిగాను. తర్వాత ఒక రోజు చెప్తుంటే నా గొంతు వణకలేదు. జరిగింది జరిగినట్టే ఉంది, బాధ ఉంది, కానీ అది అయిపోయిన విషయం అని ఒంటికి అర్థమైంది. అంతకుముందు నా ఒళ్ళు, దొంగ వెళ్ళిపోయినా తెల్లవార్లూ మొరిగే కుక్కలా ఉండేది.

ఆ ఇంజెక్షన్ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ మొదటి వారాల్లో ఎవరైనా ఇస్తానంటే పరిగెత్తి వెళ్ళేవాణ్ణి, అది ఒప్పుకుంటాను. దడ కొంచెం తగ్గితే ఆ కుర్చీలో కూర్చోవడం తేలికయ్యేదేమో. అయితే నా స్నేహితుడి చావు గురించి నేను నా మీద వేసుకున్న నింద, పక్క సీటులో నేను కూర్చుని ఉంటే అన్న లెక్క, ఏ సూది తీసేది కాదు. అది మాట్లాడితేనే పోయింది. మొత్తం పోలేదు కూడా, మోయగలిగేంత అయింది.

మీ తమ్ముడు ఒప్పుకుంటే నాతో మాట్లాడమనండి. సలహాలేమీ ఇవ్వను, వాడు ఊరుకుంటే నేనూ ఊరుకుంటాను.


సిరోంచ నుంచి:

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరోంచ, ఇక్కడ కూడా తెలుగువాళ్ళం చాలామందిమి ఉన్నాం. నాకు ఈ ఇంజెక్షన్ వేశారు, మనసుకి కాదు, మణికట్టు విరిగి కట్టు విప్పాక చెయ్యి వాచిపోయి, గాలి తగిలినా మండిపోయేది, దానికి. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్ వెళ్ళి చేయించుకున్నాను.

భయపడినంత నొప్పి లేదక్కా. మెడ దగ్గర ఒత్తినట్టు, గొంతులో ముద్ద అడ్డం పడినట్టు ఉంటుంది. మాట్లాడకు, మింగకు, దగ్గకు అంటారు, అది కష్టం. తర్వాత అద్దంలో చూసుకుంటే ఒక కన్ను సగం మూసుకుపోయి ఎర్రగా ఉంది, ముందే చెప్పకపోయి ఉంటే పక్షవాతం అనుకుని హడలిపోయేదాన్ని. మీ తమ్ముడికి చేయించినా చేయించకపోయినా ఇది ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే అప్పటికే జడుసుకుని ఉన్న మనిషి ఇంకా జడుసుకుంటాడు. పడుకోబెట్టి, కదలొద్దని చెప్పి, మెడ మీద చేయి పెడతారు, కాలిన మనిషికి అదెలా ఉంటుందో ఆలోచించండి. పక్కన మీలాంటి వాళ్ళు ఉండాలి, ఆ రోజు బండి నడపనివ్వరు కూడా.

నాకు చెయ్యి తగ్గింది గాని ఒక్క దాంతో కాదు, మళ్ళీ మళ్ళీ వేయించుకోవలసి వచ్చింది, మధ్యలో ఫిజియోథెరపీ చేయిస్తేనే కలిసొచ్చింది. నొప్పి తగ్గిన ఆ కొన్ని గంటల్లో చెయ్యి కదిలించాలి, అందుకే ఇంజెక్షన్ అని మా డాక్టర్ అనేవారు.


కోరాపుట్ కౌన్సెలర్:

నేను ఈ జిల్లాలో మానసిక ఆరోగ్యం పనిలో ఉన్నాను, తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతాను. అక్కా, ఇంజెక్షన్ సంగతి తర్వాత, మీరు రాసిన వాటిలో రెండు మాటలు నన్ను ముందు ఆపాయి.

మొదటిది, నేనెందుకు మిగిలాను అన్నది. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని మీరు వాడిని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని అందరూ భయపడతారు, అలా జరగదు, అడిగినవాళ్ళు దొరికారని చాలామందికి ఊపిరి ఆడుతుంది. అవునంటే, ఎలా చేయాలని ఆలోచించాడో కూడా అడగండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఇంట్లో పురుగుల మందు, మాత్రల డబ్బాలు ఇప్పుడే, ఈ రాత్రే తీసి తాళం వేయండి. టెలీ మానస్ నంబర్ 14416, డబ్బు ఖర్చు కాదు, పగలూ రాత్రీ ఎత్తుతారు, భాష ఎంచుకోమంటుంది, తెలుగు నొక్కవచ్చు. మీరు కూడా చేయవచ్చు, రోగే చేయాలని లేదు.

రెండోది అల్‌ప్రజోలమ్. ఆ జాతి మాత్రలు పీటీఎస్‌డీకి వాడొద్దని 2023 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, ఆ రాత్రికి నిద్ర పట్టిస్తాయి గాని లోపలి భయాన్ని తగ్గించవు, అలవాటు పడిపోతారు, ఒకటి పోయి రెండు కావడం అదే. కానీ కోపం వచ్చి రేపే డబ్బా చెత్తలో పారేయకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ చూసి కొంచెం కొంచెంగా తగ్గించాలి. మద్యం తాగడం కూడా ఉంటే అది దాచకుండా చెప్పాలి, ఆ రెండూ కలిస్తే ప్రమాదం.

అమ్మ కుక్కర్ అటక మీద పెట్టడం ప్రేమే, నేను తప్పు పట్టను. కానీ ఇస్త్రీ బండి వీధి పోయింది, కుక్కర్ పోయింది, యాత్ర పోయింది, ఇలా ఒక్కొక్కటీ వదిలేస్తూ పోతే వాడి లోకం ఒక గదిలోకి కుంచించుకుపోతుంది, భయానికి మాత్రం ఇంకా బలం వస్తుంది. అలాగని ఎవరో చెప్పారని రేపు వాడి పక్కన కుక్కర్ పెట్టేయకండి. ట్రీట్‌మెంట్‌లో దీన్ని మెట్లు మెట్లుగా, వాడు ఒప్పుకున్న వరసలో చేస్తారు. ముందు పొయ్యి మీద లేని కుక్కర్‌ని చూడటం, తర్వాత దూరం నుంచి విజిల్ వినడం, అలాగ. జవాను అన్నయ్య చెప్పింది ఈ పద్ధతే, ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అంటారు, వారానికి ఒకటి చొప్పున ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు, ఒక్కొక్కటి గంటన్నర. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ అని ఇంకొకటి ఉంది, మామూలుగా పన్నెండు సిట్టింగులు, అందులో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పకుండానే, నా వల్లే వాళ్ళు పోయారు లాంటి నమ్మకాలను ఒక్కొక్కటీ తీసి పరీక్షిస్తారు. మీ తమ్ముడికి నోరు విప్పడమే భయమైతే ఈ రెండోది ముందు అడగండి. ఈఎండీఆర్ అని మూడోది కూడా ఉంది, జరిగింది మనసులో తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే పద్ధతి, అందులోనూ మాట తక్కువే. మందుల్లో సెర్ట్రలిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, వీటికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి.

రాయగడ బాబాయ్ గారూ, ఒప్పుకున్నాడు కాబట్టి చేయించేయమన్నారు. ఒప్పుకోవడం మంచి సంగతే, ఆ తలుపు మూయకూడదు. నాకు అభ్యంతరం ఆ క్లినిక్ మీద. మనిషిని చూడకుండా, జబ్బేమిటో తేల్చకుండా, ఏ మందు వాడుతున్నాడో అడగకుండా, చచ్చిపోవాలనుందేమో కనుక్కోకుండా రేటు చెప్పారు. ఎనభై వేలు పోయి, అది పని చేయకపోతే ఆ కుర్రాడు డబ్బు పోయిందని ఏడవడు, ఆఖరి మందు కూడా నాకు పని చేయలేదు అనుకుంటాడు. అమ్మ గొలుసు కూడా నా వల్లే పోయింది అనుకుంటాడు. ఇప్పుడున్న స్థితిలో అది చాలా ప్రమాదమైన ఆలోచన.

డాక్టర్ కోసం బరంపురం వాళ్ళు ఎక్కడికో పోనక్కర్లేదు, ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. చిక్కల్లా తెలుగులో మనసు విప్పి మాట్లాడే థెరపిస్టు దొరకడం. మీ తమ్ముడికి ఒడియా బాగానే వచ్చి ఉంటుంది, కానీ కలలో ఏ భాషలో కేకలు పెడుతున్నాడో ఆ భాషలో చెప్పుకోగలిగితే మేలు. మందులు బరంపురంలో, సిట్టింగులు విశాఖపట్నం వాళ్ళతో వీడియోలో, అలా కుదుర్చుకున్నవాళ్ళున్నారు, వీడియోలో చేసినా ఈ థెరపీలు పని చేస్తాయని పరిశోధనలున్నాయి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది, రైలు దారిలోనే.

పిచ్చి అంటారన్న మాటకి, కాలిన చేతికి డ్రెస్సింగ్ చేయించుకుంటే ఎవరూ ఏమీ అనలేదు కదా అని అడగండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా అదే చెప్తుంది, ఒంటి జబ్బుకిచ్చే బీమా మనసు జబ్బుకీ ఇవ్వాలని, వైద్యం పొందడం హక్కని.


పర్లాకిమిడి ఆడపడుచు:

అందరికీ చేతులెత్తి దండం. కౌన్సెలర్ గారు రాసింది చదవగానే అమ్మకి ఫోన్ చేశాను, మాత్రలన్నీ నాన్న బీరువాలో పెట్టారు, రాత్రికి ఇచ్చేది చేతికిస్తున్నారు. నేను బరంపురం వచ్చేశాను. వాడిని అడిగాను. అడగటానికి నోరు రాలేదు గాని అడిగాను. చచ్చిపోవాలని అప్పుడప్పుడు అనిపిస్తుంది అక్కా, ఏమీ చేసుకోను, అన్నాడు. తర్వాత చాలాసేపు ఏడ్చాడు. ఏడాది నుంచి వాడు ఏడవడం నేను చూడలేదు.

జవాను అన్నయ్య రాసింది చదివి వినిపించాను. "ఈయన ఫోన్ నంబర్ ఉందా" అని అడిగాడు. అన్నయ్యా, మీకు విడిగా మెసేజ్ పెట్టాను.

మెడికల్ కాలేజీకి వస్తానన్నాడు, కానీ ఇంజెక్షన్ ఆశ వదలట్లేదు. మందులూ మాటలూ పని చేయకపోతే అప్పుడైనా చేయిస్తావా అంటున్నాడు. ఏం చెప్పను డాక్టరు గారూ?


మత్తు డాక్టర్, శ్రీకాకుళం:

చేయిస్తానని చెప్పమ్మా, అది అబద్ధం కాదు. సైకియాట్రీ డాక్టర్ పరీక్షించి పీటీఎస్‌డీ అని తేల్చి, మందు సరైన మోతాదులో తగినన్నాళ్ళు వాడి, ఒక థెరపీ పూర్తిగా చేసి, అప్పటికీ ఒంట్లో ఆ ఉలికిపాటు, దడ తగ్గకపోతే, లేదా అవి మరీ ఎక్కువై థెరపీలో కూర్చోలేకపోతే, అప్పుడు ఆ డాక్టరే మాలాంటి వాళ్ళకి చీటీ రాస్తే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా దాని పని దడ తగ్గించడం వరకే. సిరోంచ అమ్మాయి చెయ్యి సంగతి చెప్పింది కదా, ఆ తగ్గిన సమయంలో అసలు వైద్యం చేయించుకోవాలి. 2020 పరీక్షలో కూడా, మనసుకి మందులు వాడుతున్న సైనికులైతే కొంతకాలంగా వాటి మోతాదు మారనివాళ్ళనే తీసుకున్నారు.

ఎవరు చేసినా ముందు రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి, పీటీఎస్‌డీకి ఇది ఆమోదం పొందిన వాడకం కాదన్న సంగతి అందులో ఉండాలి. గ్యారంటీ ఇచ్చేవాళ్ళకి డబ్బు కట్టకండి. గొలుసు అమ్మ మెడలోనే ఉంచండి.

ఓపీకి వెళ్ళేటప్పుడు సూరత్ ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితాలు, ఇప్పుడు వేసుకుంటున్న అల్‌ప్రజోలమ్ స్ట్రిప్, రోజుకి ఎన్ని వేసుకుంటున్నాడో రాసిన చీటీ పట్టుకెళ్ళండి. కేకలు పెట్టి లేచేది వారంలో ఎన్ని రాత్రులో, పగలు ఏయే వాటికి ఉలిక్కిపడతాడో కూడా రాయండి, ఓపీలో అయిదు నిమిషాలే దొరికితే అవన్నీ నోటితో చెప్పే వ్యవధి ఉండదు. పీడకలలకి విడిగా ప్రజోసిన్ అని ఒక మాత్ర ఉంది, అది బీపీ తగ్గిస్తుంది, అందరికీ పడదు, వాడాలో వద్దో డాక్టర్‌ని అడగండి. చచ్చిపోవాలనిపిస్తుందని అన్న మాట అన్నిటికంటే ముందు చెప్పండి, వాడి ముందే, వాడిని అడిగి చెప్పండి.


గుణుపురం మాజీ జవాను:

మెసేజ్ చూశాను చెల్లెమ్మా. ఈ రాత్రి తొమ్మిది తర్వాత నేనే చేస్తాను. ఓపీ రోజు చెప్పు, గుణుపురం నుంచి వచ్చేస్తాను, లైన్లో వాడి పక్కన నిలబడతాను.